మోటారుకు నేమ్‌ప్లేటు ఉంది, కాలేజీకి ఎందుకు లేదు?

తెలంగాణ ఉన్నత విద్యా మండలికి, సాంకేతిక విద్యా శాఖ కమిషనర్ గారికి, ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ సభ్యులకు

నమస్కారం.

మిర్యాలగూడలో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఇరవై రెండేళ్లుగా కాలిపోయిన మోటార్లు విప్పి, కాపర్ వైరు మళ్లీ చుట్టి ఇవ్వడమే నా పని. రైతు ట్రాలీలోంచి మోటారు దించగానే నేను ముందు చూసేది దాని నేమ్‌ప్లేటు. ఎన్ని హెచ్‌పీ, ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు లాగుతుంది, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది, అన్నీ ఆ అరచేయంత రేకు మీద ఉంటాయి. రేకు లేని మోటారు వస్తే మేం మొదట మోటారును కాదు, తెచ్చినవాడిని అనుమానంగా చూస్తాం.

ఈ ఏడాది మా చిన్నమ్మాయి ఈఏపీసెట్ రాస్తోంది. కొద్ది రోజుల్లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. ఆ పేజీలో కాలేజీ కోడ్ ఉంటుంది, బ్రాంచి ఉంటుంది, ఫీజు ఉంటుంది. నిరుడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగాయో కౌన్సెలింగ్ వెబ్‌సైట్లోనే లిస్టు పెడతారు. అక్కడ చదివి బయటికొచ్చిన పిల్లలు ఏమయ్యారన్న ముక్క మాత్రం ఆ పేజీలో లేదు. ఈ ఉత్తరం ఆ ఒక్క సంగతి గురించే.

ఇలా అందరి ముందూ రాయాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, మామూలుగా అడిగితే పని కాలేదు. పోయిన ఏడాది సమాచార హక్కు చట్టం కింద ఒక కార్యాలయానికి దరఖాస్తు పెట్టాను. మా పెద్దబ్బాయి చదివిన కాలేజీలో 2024లో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, జీతాలెంత అని మూడే ప్రశ్నలు. ఆ సమాచారం మా వద్ద లేదు, కాలేజీని సంప్రదించండి అని జవాబొచ్చింది. కాలేజీకి పోతే, మాది ప్రైవేటు సంస్థ, ఆర్టీఐ మాకు వర్తించదు అన్నారు. అప్పీలు వేశాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంకో కార్యాలయానికి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను. అది అందినట్టు ఫోన్లో మెసేజ్ వచ్చింది, జవాబు రాలేదు. ఆ కార్యాలయాల పేర్లు, కాలేజీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్కరి మీద కోపం తీర్చుకోవడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. ఒకటి మాత్రం చెప్పాలి. వేరే చట్టం కింద ప్రభుత్వ సంస్థ తెప్పించుకోగలిగిన ప్రైవేటు సంస్థల సమాచారం కూడా 'సమాచారమే' అని ఆర్టీఐ చట్టం సెక్షన్ 2(ఎఫ్) చెబుతోంది. ప్రభుత్వం ముందే తెప్పించుకుని బయట పెడితే 'మా వద్ద లేదు' అనే మాటకు చోటే ఉండదు.

ఇక మా ఇంటి సంగతి.

మా అబ్బాయి 2020లో చేరాడు. కరోనా ఏడాది. ర్యాంకు పదివేలు దాటింది. మేం బీసీలం. పదివేల లోపు ర్యాంకు అయితే ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుంది, దాటితే 35,000 వరకే. మిగతాది మేం కట్టుకోవాలి. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీని ఎంచుకున్నాం. ఎందుకంటే ఏం చెప్పను, ఒక ఫ్లెక్సీ చూసి. మా బస్టాండు ఎదురుగా కట్టారు. 98 శాతం ప్లేస్‌మెంట్స్ అని పెద్ద అక్షరాలు, పక్కన 44 లక్షల ప్యాకేజీ అని ఒక అమ్మాయి ఫొటో. మావాడు చదివిన నాలుగేళ్లూ ఆ అమ్మాయి అదే చుడీదార్‌లో అదే నవ్వుతో ప్రతి ఎండాకాలం ఫ్లెక్సీ మీదికి వస్తూనే ఉంది. నాలుగో ఏడు నాకు ఆమె మా చుట్టాలమ్మాయిలా అనిపించింది.

ఫీజులో మా వాటా, మూడేళ్ల హాస్టలు, లాప్‌టాప్ కలిపి ఐదు లక్షలు దాటింది. మా ఇంటావిడ పుస్తెలతాడు తప్ప మిగతా బంగారం అంతా బ్యాంకులో పెట్టాం.

ఫైనలియర్‌లో వాళ్ల బ్రాంచికి చెప్పుకోదగ్గ కంపెనీలు రెండే వచ్చాయి. మొదటిదానికి టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ అరవై శాతం ఉండాలి, ఒక్క బ్యాక్‌లాగ్ కూడా ఉండకూడదు. మావాడికి రెండో ఏడాదిలో ఒక సబ్జెక్టు పోయి, తర్వాత రాసి పాసయ్యాడు. లిస్టులోంచి పేరు తీసేశారు. రెండోది ఆన్‌లైన్ కోర్సులు అమ్మిపెట్టే పని. అందులో ఆఫర్ లెటర్ వచ్చింది. జాయినింగ్ తేదీ రెండుసార్లు వాయిదా వేశారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. వాడు అక్కడ ఒక్కరోజు పనిచేయలేదు, ఒక్క రూపాయి తీసుకోలేదు. కానీ కాలేజీ బ్రోచర్‌లో మావాడి పేరు ఉంది. 'ప్లేస్డ్' అని.

ఆ ప్లేస్డ్ స్టూడెంటు ఏడాదికి పైగా నా షాపులో కూర్చుని కాయిల్స్ చుట్టాడు. వచ్చిన రైతులు ఊరికే ఉంటారా? "ఇంజనీరింగ్ అయిపోయింది గదా, ఇంకా ఈడనే ఉన్నడేంది?" అని అడిగేవాళ్లు. వాడు తలెత్తకుండా వైరు చుడుతూ ఉండేవాడు. తర్వాత అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసి, సొంతంగా వెతుక్కుని ఉప్పల్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాడు. నెలకు పద్దెనిమిది వేలు. దానికి కాలేజీకి ఏ సంబంధమూ లేదు.

మావాడి ఒక్కడి తలరాతేమో అనుకుని, వాడి సెక్షన్ వాట్సాప్ గ్రూపు పట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేయించాను. అరవై మందికి పైగా ఉన్న సెక్షన్‌లో క్యాంపస్ ద్వారా ఉద్యోగంలో చేరి జీతం తీసుకున్నవాళ్లను లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు సరిపోయాయి. ఇది సర్వే కాదని నాకూ తెలుసు. సర్వే చేయాల్సింది నేను కాదు కదా.

మరి 98 శాతం ఎక్కణ్నుంచి వచ్చింది? మావాడే ఒకరోజు కాగితం మీద వేసి చూపించాడు. ఇది లెక్క అర్థం కావడానికి వేసుకున్న ఉదాహరణ, ఏ కాలేజీదీ కాదు. ఒక బ్రాంచిలో 180 మంది చేరారనుకోండి. నాలుగేళ్లలో పాసైంది 150 మంది. వాళ్లలో అరవై శాతం మార్కులు ఉండి, బ్యాక్‌లాగ్ లేని 90 మందిని 'ఎలిజిబుల్' అంటారు. వాళ్లలో 60 మందికి ఆఫర్లొచ్చాయి, కొందరికి రెండేసి రావడంతో ఆఫర్లు మొత్తం 85. ఇప్పుడు 85ని 90తో భాగిస్తే 94 శాతం. ఫ్లెక్సీ రెడీ. నిజంగా వెళ్లి చేరింది 40 మందే అయితే, చేరిన 180 మందిలో అది 22 శాతం. రెండూ ఒకే కాలేజీ, ఒకే ఏడాది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, కింద ఏ సంఖ్య పెట్టి భాగించారో చెప్పలేదు, అంతే.

జీతంలోనూ ఇదే గారడీ. 59 మందికి మూడున్నర లక్షలు, ఒక్కరికి 40 లక్షలు వస్తే సగటు నాలుగు లక్షలు దాటుతుంది, ఫ్లెక్సీ మీద మాత్రం 40 లక్షలే ఉంటుంది. పైగా ఆ మూడున్నర లక్షలు సీటీసీ, అంటే ఏడాదికి మనిషి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, ఇస్తారో ఇవ్వరో తెలియని వేరియబుల్ పే అన్నీ అందులో కలిపే చెబుతారు. నెల తిరిగేసరికి చేతికి ఎంత వస్తుందో ఏ బ్రోచర్‌లోనూ ఉండదు.

ఆఫర్ లెటర్ అంటే ఉద్యోగం కాదని పెద్ద కంపెనీలు కూడా చూపించాయి. 2023 ఫిబ్రవరిలో విప్రో, 6.5 లక్షలకు ఎంపిక చేసుకున్న ఫ్రెషర్లను 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. ఇన్ఫోసిస్‌లో 2022 బ్యాచ్‌కు ఎంపికైన పిల్లల్లో కొందరు జాయినింగ్ కోసం రెండేళ్ల దాకా ఎదురుచూశారు. అన్నాళ్లూ వాళ్లంతా ఏదో ఒక కాలేజీ లెక్కలో ప్లేస్డే.

ఇంత చెప్పాక, నిబంధనలేవీ లేవా అంటే, ఉన్నాయి. మావాడు, నేను రాత్రిపూట షాపు మూశాక కూర్చుని చదివాం. ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ 'మాండేటరీ డిస్‌క్లోజర్' (తప్పనిసరి వెల్లడి) పేరుతో ప్లేస్‌మెంట్లు, కనిష్ఠ, గరిష్ఠ, సగటు జీతాలు వెబ్‌సైట్లో పెట్టమంటుంది. కేంద్రం కాలేజీలకు ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఫారం ఇంకా బాగుంది. ఎంతమంది చేరారు, గడువులో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత, పైచదువులకు ఎంతమంది వెళ్లారు, అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. మధ్యస్థం అంటే అందరినీ జీతం ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్యన ఉన్నవాడి జీతం. 40 లక్షల ఫొటో దాన్ని కదిలించలేదు. అంటే ఫారం కొత్తగా తయారుచేయాల్సిన పని కూడా లేదు. చిక్కల్లా మూడు చోట్ల ఉంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో ప్రైవేటు కాలేజీ చేరితేనే లెక్క ఇస్తుంది, లేకపోతే లేదు. ఇచ్చినా బ్రాంచీలన్నీ కలిపి ఇస్తుంది, సివిల్ పిల్లల గతి కంప్యూటర్ సైన్సు (సీఎస్ఈ) అంకెల కింద కనపడకుండా పోతుంది. అన్నిటికన్నా పెద్దది, కాలేజీ తన గురించి తాను రాసుకున్నదే ఆ లెక్క.

మా లైన్లో మూడు హెచ్‌పీ మోటారుకు ఐదు హెచ్‌పీ రేకు కొట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. అందుకే రేకు చూసి ఊరుకోం, వైరు చుట్టూ టాంగ్ టెస్టర్ పెట్టి ఎంత కరెంటు లాగుతోందో చూస్తాం. కాలేజీ లెక్కకు ఆ టాంగ్ టెస్టర్ ఏదని అడిగితే, అది కూడా సర్కారు దగ్గరే ఉంది. ఇరవై మంది, అంతకు పైన పనిచేసే సంస్థలు ఈపీఎఫ్ కట్టాలి. ఉద్యోగంలో చేరిన పిల్లలకు యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు వస్తుంది, దానికి ఆధార్ ముడిపెట్టి ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునే ప్రతి విద్యార్థి ఆధార్, కాలేజీ, కోర్సు వివరాలు సర్కారు స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో ఉంటాయి. పిల్లల అనుమతి తీసుకుని ఈ రెండూ కలిపి చూస్తే, ఎవరు ఎప్పుడు చేరారో కాలేజీని అడగకుండానే తెలుస్తుంది. చిన్న కంపెనీల్లో చేరినవాళ్లు, సొంతంగా పని పెట్టుకున్నవాళ్లు అందులో పడరు, నిజమే. వాళ్లను ఫోన్ చేసి అడగొచ్చు. మేం అడగలేదా?

ఈ లెక్క లేకపోవడం వల్ల మాలాంటి ఇళ్లలో జరుగుతున్నది వరుసగా రాస్తాను.

1. అప్పు తప్పుడు అంచనా మీద పుడుతోంది. తొమ్మిది పది శాతం వడ్డీకి ఐదు లక్షలు తెచ్చేవాడు, పిల్లాడికి నెలకు పాతిక వేలు వస్తాయనుకుని తెస్తాడు. ఫ్లెక్సీ చూసి నలభై వేలు అనుకున్నవాడు ఇంకో రెండు లక్షలు ఎక్కువ తెస్తాడు. మా వీధిలో ఒకాయన మేనేజ్‌మెంట్ సీటు కోసం వేములపల్లి దగ్గర అర ఎకరం అమ్మాడు. కాలువ కింద పొలం, రెండు పంటలు పండే నేల. ఆ అబ్బాయి ఇప్పుడు బైకు మీద పార్సిళ్లు వేస్తున్నాడు. ఆ పనిలో తప్పేం లేదు. కానీ దానికి అర ఎకరం అమ్మక్కర్లేదు.

2. నాలుగేళ్ల చదువు మీద ఇంకో చదువు కొనాల్సి వస్తోంది. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఉదయం ఏడింటికి ఒకసారి నిలబడి చూడండి. భుజానికి బ్యాగు, చేతిలో కరపత్రాల కట్ట. జావా, పైథాన్, టెస్టింగ్, డేటా సైన్స్. వాళ్లలో ఎక్కువమంది బీటెక్ పాసైనవాళ్లే. కాలేజీలో నేర్పాల్సింది అక్కడ కోర్సు ఫీజు కట్టి, పీజీ హాస్టల్లో ఉంటూ నేర్చుకుంటున్నారు. అక్కడితో ఆగినా బాగుండు. 'బ్యాక్‌డోర్' పేరుతో లక్ష, రెండు లక్షలు తీసుకుని దొంగ ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు ఇచ్చేవాళ్లు కాచుకుని ఉంటారు. ఏడాది ఖాళీగా ఉన్న పిల్లాడికి అది తప్పని తెలిసినా, ఇంట్లో మొహం చూపించలేక ఒప్పుకుంటాడు. దొరికితే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఉద్యోగం ఊడుతుంది, డబ్బూ పోతుంది. మావాడికీ ఒకరు ఫోన్ చేశారు. నేను పక్కనే ఉండబట్టి సరిపోయింది.

3. ఆడపిల్లల విషయం వేరు. మగపిల్లాడికి ఇంకో ఏడాది చూద్దాం అంటారు. ఆడపిల్లకు ఆరు నెలలు ఖాళీ వస్తే సంబంధాలు చూడటం మొదలవుతుంది. మావాడి క్లాసులో మార్కుల్లో ముందున్న ఇద్దరు అమ్మాయిలకు అలాగే పెళ్లయింది. ఇప్పుడు వాళ్లు ఏ లెక్కలోనూ లేరు. నా కూతురికి ఆప్షన్లు పెట్టేటప్పుడు నాకు నిద్ర పట్టనిది దీని గురించే.

4. నిజంగా బాగా చెప్పే కాలేజీకి నష్టం. మా జిల్లాల్లో ఫ్లెక్సీలు కట్టకుండా, పాత లెక్చరర్లను నిలబెట్టుకుని, ల్యాబుల్లో నిజంగా పని చేయించే కాలేజీలు లేకపోలేదు. వాటికి హైదరాబాద్ అడ్రసు లేదు, 44 లక్షల ఫొటో లేదు. పోల్చుకునే అంకె లేనప్పుడు జనం హంగు చూసి పోతారు. లెక్చరర్లకు ఎండాకాలం వస్తే 'అడ్మిషన్ టార్గెట్' ఇచ్చి ఊళ్ల మీద తిప్పే కాలేజీలున్నాయి. పీహెచ్‌డీ చేసిన మనిషి మా షాపు ముందు నిలబడి, అన్నా మీ పిల్లలెవరైనా ఇంటర్ అయ్యారా అని అడిగితే నాకే సిగ్గేసింది.

5. సీట్లు ఎటు పెరగాలో ఎవరికీ తెలియడం లేదు. 2024-25 నుంచి మంచి పనితీరున్న కాలేజీలకు సీట్ల పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేసింది. కంప్యూటర్ సైన్సు, దాని పక్క బ్రాంచీల సీట్లు పెరుగుతున్నాయి, సివిల్, మెకానికల్ తగ్గుతున్నాయి. మా మిల్లుల్లో మోటార్లు, ప్యానెల్ బోర్డులు తెలిసిన కుర్రాళ్లు దొరకడం లేదు, ఇది నేను కళ్లారా చూస్తున్నది. ఏ బ్రాంచి వాళ్లు ఏ పనిలో కుదురుకుంటున్నారో లెక్క ఉంటే తండ్రులు కూడా మందలో పడి పోరు.

6. ఇది ప్రజల డబ్బు. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో రాజశేఖర రెడ్డి గారి హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైంది. ఆ పథకం లేకపోతే నా కొడుకు ఇంజనీరింగ్ గడప తొక్కేవాడు కాదు. దానికి చెయ్యెత్తి దండం పెడతాను. కానీ ఊళ్లో సీసీ రోడ్డు వేస్తే ఎన్ని మీటర్లు వేశారో కొలిచి ఎంబీ బుక్కులో రాస్తేనే బిల్లు పాసవుతుంది. ఇన్నేళ్లు కాలేజీలకు కట్టిన డబ్బుకు ఆ కొలత బుక్కు ఏది?

కాలేజీ యాజమాన్యాలు ఏమంటాయో నాకు తెలుసు. మేం చదువు చెప్పేవాళ్లం, ఉద్యోగాలిచ్చే ఆఫీసు కాదు అంటాయి. ఒప్పుకుంటాను. ఆ మాట ఫ్లెక్సీ మీద కూడా రాయించండి. ఉద్యోగం చూపించి సీటు అమ్మినవాళ్లు, లెక్క అడిగినప్పుడు చదువు గురించి మాట్లాడితే ఎలా?

మార్కెట్ బాగాలేదు అనేది రెండో మాట. అదీ నిజమే. 2024లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థ కలిసి వేసిన నివేదికలో, 2022 నాటికి దేశంలో డిగ్రీ ఉన్న యువతలో నిరుద్యోగం 29.1 శాతం అని ఉంది, చదవడం రాయడం రానివాళ్లలో 3.4 శాతం. మార్కెట్ దెబ్బ అందరికీ తగులుతుంది. అలాంటప్పుడు ఒకే ర్యాంకు పిల్లలు చేరిన రెండు కాలేజీల్లో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఎందుకు పడిందో చూడటానికే కదా లెక్క కావాలి.

రీయింబర్స్‌మెంట్ బకాయిలు సమయానికి ఇవ్వరు, లెక్చరర్లకు జీతాలు ఎలా ఇవ్వమంటారు అనేది మూడోది. ఇందులో యాజమాన్యాల బాధ నిజం. బకాయి ఆగితే చివరికి సర్టిఫికెట్లు ఆగేది మా పిల్లలవే. ఇది మాత్రం ప్రభుత్వమే సరిచేయాలి, ఆ సాకు కూడా ఉండకూడదు.

ఇది ఎక్కడా లేని కొత్త కోరిక కాదు. అహ్మదాబాద్ ఐఐఎం తన ప్లేస్‌మెంట్ నివేదికను ఒక ప్రమాణం ప్రకారం తయారుచేసి, బయటివాళ్లతో ఆడిట్ చేయించి ప్రకటిస్తోంది. బ్రిటన్‌లో చదువు ముగిసిన 15 నెలలకు ప్రతి గ్రాడ్యుయేటునూ ఏం చేస్తున్నావని అడిగే సర్వే ఉంది. మన పిల్లలు వేలకు వేలు ఎంఎస్‌కు పోతున్న అమెరికాలో కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది. 2015 నుంచి అందులో ఫెడరల్ ప్రభుత్వ సాయంతో చదివినవాళ్ల సంపాదనను పన్ను రికార్డుల్లోంచి తీసి కాలేజీవారీగా చూపిస్తారు. అక్కడి లా కాలేజీలు ఒకప్పుడు మన ఫ్లెక్సీల్లాంటి అంకెలే వేసుకునేవి. విద్యార్థులు కోర్టులకెక్కాక, అమెరికన్ బార్ అసోసియేషన్ నిబంధనలు బిగించింది. ఫుల్‌టైమ్ ఎన్ని, పార్ట్‌టైమ్ ఎన్ని, లాయరు పని ఎన్ని, కాలేజీయే తన డబ్బుతో ఇచ్చిన కొలువులెన్ని, అన్నీ విడివిడిగా చూపాలి.

మన దగ్గర కోచింగ్ సెంటర్ల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. ఎంపికైన విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో వాడకూడదు, ఉద్యోగం గ్యారంటీ అని ప్రకటించకూడదు. అమీర్‌పేట సెంటరుకు ఉన్న కట్టుబాటు నాలుగేళ్లు మా పిల్లలను ఉంచుకునే కాలేజీకి లేదా? వినియోగదారుల ఫోరానికి పోదామంటే, విద్య సరుకు కాదని 2012లో పి.టి. కోశీ కేసులో సుప్రీంకోర్టు అన్న మాట అడ్డం వస్తుందని ఒక వకీలు గారు చెప్పారు. ప్రాస్పెక్టస్‌లో తప్పుడు సమాచారం ఇస్తే ఫిర్యాదు చేయొచ్చని యూజీసీ 2023 నిబంధనల్లో ఉంది. మరి ఫ్లెక్సీ ప్రాస్పెక్టస్ కాదంటే?

అందుకే మిమ్మల్ని కోరుతున్నవి ఇవి.

1. కన్వీనర్ కోటాలో సీట్లిచ్చే ప్రతి ఇంజనీరింగ్ కాలేజీ, బ్రాంచి వారీగా ఒక పేజీ లెక్క ఇవ్వాలి. మొదటి గడిలో చేరినవాళ్ల సంఖ్య ఉండాలి, 'ఎలిజిబుల్' సంఖ్య కాదు. తర్వాత గడువులో పాసైనవాళ్లు, ఏడాది తర్వాత ఉద్యోగంలో ఉన్నవాళ్లు, పైచదువుల్లో ఉన్నవాళ్లు, పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్లు, ఖాళీగా ఉన్నవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు. పాసైనవాళ్ల గడి వదిలేసి మిగతావన్నీ కూడితే మొదటి గడి అంకె రావాలి.

2. ఆఫర్లను లెక్కపెట్టొద్దు, మనుషులను లెక్కపెట్టండి. చేరి, కనీసం మూడు నెలల జీతం తీసుకున్నవాడే ఉద్యోగి. స్టైపెండ్ మీద ఉన్న ఇంటర్న్‌షిప్పులు, డబ్బు కట్టించుకుని ఇచ్చే ట్రైనింగులు, అదే యాజమాన్యం కింద ఉన్న సంస్థల్లో ఇచ్చిన కొలువులు వేరే గడిలో రాయాలి.

3. జీతం మధ్యస్థం చెప్పాలి, సీటీసీ కాకుండా నెలకు చేతికొచ్చేది చెప్పాలి. హయ్యెస్ట్ ప్యాకేజీ వేసుకోవాలనుకుంటే వేసుకోనివ్వండి, దాని పక్కనే అదే సైజు అక్షరాల్లో మధ్యస్థం కూడా ఉండాలి.

4. ఈపీఎఫ్ వివరాలతో సరిపోల్చి చూసే ఏర్పాటు చేయాలి. అందరితో ఒకేసారి కాకపోతే, రీయింబర్స్‌మెంట్ తీసుకున్న పిల్లలతో మొదలుపెట్టండి. వాళ్ల వివరాలు సర్కారు దగ్గరే ఉన్నాయి, వాళ్ల ఫీజూ సర్కారే కట్టింది. పేర్లు, నంబర్లు బయట పెట్టొద్దు, అంకెలు చాలు. తప్పుడు లెక్క ఇచ్చిన కాలేజీకి ఆ ఏడాది సీట్ల పెంపు ఆపండి.

5. ఈ లెక్కను ఏదో వెబ్‌సైట్ మూలన పీడీఎఫ్‌గా పెట్టి చేతులు దులుపుకోవద్దు. వెబ్ ఆప్షన్ల పేజీలో కాలేజీ కోడ్, ఫీజు పక్కనే, తెలుగులో కూడా ఉండాలి.

6. ఫీజుల కమిటీ వారికి ప్రత్యేకంగా. మూడేళ్లకోసారి ఫీజు ఖరారు చేసేటప్పుడు కాలేజీ ఖర్చుల పద్దు చూస్తారు. ఆ పద్దుతో పాటు ఈ పేజీ కూడా ముందు పెట్టుకోండి. పెంపు అడిగిన కాలేజీ విచారణకు, కిందటి బ్యాచ్ తల్లిదండ్రులను ఇద్దరిని పిలిస్తే ఇంకా మంచిది. నేను షాపు మూసుకుని వస్తాను.

పూర్తి లెక్క ఒక్క ఏడాదిలో కాదని నాకు తెలుసు. ఈసారి కౌన్సెలింగ్‌కు కనీసం ఒక్కటి చేయగలరు. ప్రతి కాలేజీ 2024లో పాసైన బ్యాచ్‌ది, బ్రాంచివారీగా, చేరినవాళ్లెందరో, ఇప్పుడు ఉద్యోగంలో ఎందరో రెండే రెండు అంకెలు, ప్రిన్సిపాల్ సంతకంతో ఇమ్మనండి. ఇవ్వని కాలేజీ పేరు పక్కన 'వివరాలు ఇవ్వలేదు' అని రాయండి. అది కూడా మాకు సమాచారమే.

మా అమ్మాయి ఇరవై కాలేజీల పేర్లు నోట్‌బుక్కులో రాసుకుని, ఒక్కోదాని పక్కన ఖాళీ గడి గీసి పెట్టుకుంది. ఆ గడిలో ఏం రాయాలని రోజూ నన్ను అడుగుతోంది. ఆప్షన్లు ఫ్రీజ్ చేసే తేదీలోపు మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు
ఒక మోటార్ మెకానిక్, ఇద్దరు పిల్లల తండ్రి
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా